తెర మీది తూర్పు

భరతుని నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగమనే ప్రకరణమొకటి ఉన్నది. రంగస్థలం చిన్నది; కథ జరిగే లోకం పెద్దది. ఇల్లు, వీధి, ఉద్యానం, అరణ్యం, స్వర్గం అన్నీ ఆ కొద్దిపాటి చోటనే చూపవలసి యున్నది. అందుకు శాస్త్రకారుడు కొన్ని ఒప్పందాలు చెప్పినాడు. ముందుగా ప్రవేశించిన పాత్రలు లోపల ఉన్నట్లును, తరువాత ప్రవేశించినవి వెలుపలినుండి వచ్చినట్లును భావించవలెను. పాత్ర రంగాన్ని చుట్టి నడిచినచో చోటు మారినట్లు గ్రహించవలెను. వీటన్నిటిలోను విశేషమైనది దిక్కును గురించిన నియమం. మృదంగాది వాద్యాలును, నేపథ్యగృహ ద్వారాలును ఏ వైపునకు అభిముఖంగా ఉన్నవో ఆ వైపే నాటకంలో తూర్పు. బయట సూర్యుడు ఎటు ఉదయించినను దానితో పని లేదు. వాద్యాలు చూచేది ప్రేక్షకునివైపు. కనుక ప్రేక్షకుడు కూర్చున్న వైపే తూర్పు అన్నమాట.

ఈ చిన్న సూత్రంలో పెద్ద సంగతి ఇమిడి ఉన్నది. ప్రదర్శనలో దిక్కు ప్రకృతి ఇచ్చినది కాదు. ప్రదర్శించేవానికీ, చూచేవానికీ మధ్య కుదిరిన అంగీకారం. ఆ అంగీకారం లేనిదే రంగంమీద ఒకడు ఎడమకు పోయినా కుడికి పోయినా ప్రేక్షకునకు తెలిసేది ఏమీ ఉండదు.

చలనచిత్రం పుట్టినప్పుడు దానికి ఇట్టి శాస్త్రం లేదు. తెరమీద కుడి ఏది, ఎడమ ఏది, ఒక బొమ్మలో కుడివైపు చూచిన మనిషి తరువాతి బొమ్మలో ఎవరిని చూస్తున్నాడు, ఎడమనుండి కుడికి సాగిన పయనం ముందుకు పోవుటయా, తిరిగివచ్చుటయా అన్న ప్రశ్నలకు ఎవరును సమాధానం వ్రాసి పెట్టలేదు. అవి పనిలో, క్రమక్రమంగా కుదిరినవి. కుదిరిన కొంతకాలానికి అవి ఒప్పందాలన్న సంగతి మరపునకు వచ్చి, కంటికి సహజమైన ధర్మాలన్న పేరు వచ్చినది. ఆ నియమాలలో ఎంత కన్ను, ఎంత అలవాటు అని వేరుచేసి చూచుటయే ఈ చరిత్రలోని అసలు ప్రశ్న.

1896వ సంవత్సరం ఈ చరిత్రకు రెండు విధాల ఆరంభం. ఆ సంవత్సరం జూలై 7వ తేదీన బొంబాయి వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల చిత్రాలను తొలిసారి ప్రదర్శించినారు. అందులో రైలు స్టేషనుకు వచ్చే దృశ్యం ఒకటి. ఆ సంవత్సరమే అమెరికాలో జార్జి స్ట్రాటన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక విచిత్ర ప్రయోగఫలితాన్ని ప్రకటించినాడు. ఒక కంటిని మూసి, రెండవ కంటికి కటకాల గొట్టాన్ని అమర్చుకొని, తలక్రిందులైన లోకాన్ని ఆయన చూచినాడు. పైది క్రిందికి, కుడిది ఎడమకు మారిపోయినవి. మొదట చేయి చాచిన చోట వస్తువు దొరకలేదు. అడుగు వేసిన చోట నేల సరిపడలేదు. 1897లో ఎనిమిది రోజులపాటు ఆ ప్రయోగాన్ని తిరిగి సాగించినాడు. రోజులు గడచినకొలది చేతులు, కాళ్లు, చూపు మళ్లీ ఒకదానితో ఒకటి రాజీపడినవి. దిశాజ్ఞానం కన్ను ఒక్కటే ఇచ్చేది కాదనీ, చూపును దేహంతో కలిపి నేర్చుకొనే విద్య అనీ ఆ ప్రయోగం తెలిపినది.

సినిమా ప్రేక్షకుని స్థితి స్ట్రాటన్ స్థితికి సరిగా ఎదురైనది. అక్కడ దేహం కదులుతుంది, చూపు తలక్రిందులు. ఇక్కడ చూపు కదులుతుంది, దేహం కుర్చీలో నిశ్చలం. రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్ 1932లో జర్మన్ భాషలో ప్రకటించిన చలనచిత్రకళా గ్రంథంలో ఈ విషయాన్ని నిశితంగా చర్చించినాడు. మనిషి తల ప్రక్కకు వంచినప్పుడు గది వంగినట్లు అతనికి తోచదు. తల వంగినదని మెడ, చెవిలోని సమతౌల్యేంద్రియం తెలుపుతూనే ఉంటవి. కెమెరా వంగినప్పుడు మాత్రం ప్రేక్షకుని దేహానికి ఏ వార్తా అందదు. అందుచేత వంగినది కెమెరా అని కాక, లోకమే వంగినదని అనిపిస్తుంది. కెమెరా ప్రక్కకు తిరిగినప్పుడు గోడలు జరిగిపోయినట్లు కనిపించుటకు కారణం ఇదే.

కరోల్ రీడ్ దర్శకత్వం వహించిన ‘ది థర్డ్ మ్యాన్’ (1949) ఈ సూత్రంమీద నడచిన చిత్రం. యుద్ధానంతర వియన్నా నగరపు వీధులను, మెట్లను, ముఖాలను ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్ పదేపదే ఏటవాలుగా పట్టినాడు. నిలువుగా ఉండవలసిన గోడ వాలినది, నేల జారిపడుతున్నట్లున్నది. ఎవరిని నమ్మవలెనో తెలియని ఆ నగరంలో నైతికమైన ఊతం తప్పినదన్న భావం మాటలలో చెప్పకముందే ప్రేక్షకునకు తడుతుంది. పైక్రిందుల జ్ఞానం మాత్రం మానవులందరికీ సమానమే. భూమ్యాకర్షణకు భాషాభేదం లేదు. తెరమీద నిలువు తప్పినచో తెలుగువాడును, జపానువాడును ఒకే విధంగా కలత చెందుతారు.

కుడియెడమల సంగతి వేరు. దేహానికి పైభాగం వేరు, క్రిందిభాగం వేరు. కాని కుడిసగం, ఎడమసగం దాదాపు ఒకటే. అద్దంలో చూచిన ముఖం తలక్రిందులుగా లేకపోవుటచేత దానిని తారుమారైనదని ఎవరును అనుకోరు. అందుచేతనే కుడియెడమల విషయంలో ప్రకృతి విడిచిన ఖాళీని ఆచారం పూరించుకొన్నది.

ఒకే షాటుతో ముగిసే తొలి చిత్రాలలో ఈ చిక్కు లేదు. లూమియేర్ రైలు దూరాన బిందువుగా కనిపించి, పెద్దదై, చట్రపు ఎడమ అంచువైపు ఐమూలగా సాగివస్తుంది. కెమెరా ప్లాట్‌ఫారంమీద నిలిచిన మనిషివలె ఒక్కచోటనే ఉన్నది. రైలును చూచి ప్రేక్షకులు బెదరి పారిపోయినారన్న కథను తరువాతి చరిత్రకారులు సందేహించినారు. అది కట్టుకథ అయినను అందులోని భావం మాత్రం గమనింపదగినది: ఆ బొమ్మలో ప్రేక్షకునకు ఒక స్థిరమైన చోటు ఉన్నది. తానెక్కడ నిలిచియున్నాడో అతనికి తెలుసు.

రెండు షాటులను జోడించినప్పుడు ఆ చోటు పోయినది. ఎడ్విన్ పోర్టర్ 1903లో తీసిన ‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మ్యాన్’ చిత్రంలో మంటలలో చిక్కిన తల్లినీ, బిడ్డనూ రక్షించే ఘట్టం ఉన్నది. పోర్టర్ దానిని మొదట గది లోపలినుండి మొత్తం చూపినాడు. పిదప అదే సంఘటనను ఇంటి బయటినుండి మొదటినుండి చివరివరకు మరల చూపినాడు. తరువాతి కాలంలో ఎవరో లోపలి ముక్కలనూ, బయటి ముక్కలనూ కలగలిపి కూర్చిన ప్రతి ఒకటి ప్రచారంలోనికి వచ్చి, ఆ నేర్పు పోర్టర్‌దే అని చాలకాలం చరిత్రకారులను నమ్మించినది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసులో భద్రంగా ఉన్న కాగితపు ప్రతి అసలు కూర్పును బయటపెట్టినది. ఈ చిన్న వివాదంలో ఒక కాలపు ప్రేక్షకుని మనస్సు కనిపిస్తుంది. 1903నాటి ప్రేక్షకునకు ఒకే సంఘటనను రెండు తావులనుండి రెండుసార్లు చూచుట వింత కాదు. తరువాతి వారికి అది తప్పుగా తోచి, ‘సరిదిద్దిన’ ప్రతియే అసలుదన్న నమ్మకం కలిగినది. అనగా ఈ నడుమ కొన్ని సంవత్సరాలలోనే చూచే అలవాటు మారిపోయినది.

ఆ మార్పునకు ముఖ్యసాధనం దిశానియమం. డి. డబ్ల్యు. గ్రిఫిత్ 1908 మొదలు తీసిన లఘుచిత్రాలలోను, ఆయన సమకాలికుల చిత్రాలలోను ఈ పద్ధతి మెల్లగా స్థిరపడినది. తెర కుడి అంచున నిష్క్రమించిన మనిషి తరువాతి షాటులో ఎడమ అంచున ప్రవేశించవలెను. అట్లయితే అతడు ఒకే దారిన సాగుతున్నాడు. కుడినుండి పోయి కుడినుండే ప్రవేశించినచో తిరిగి వచ్చినట్లు తోచును. గ్రిఫిత్ 1911లో తీసిన ‘ది లోన్‌డేల్ ఆపరేటర్’లో దొంగలబారిన పడిన టెలిగ్రాఫ్ కార్యాలయం ఒకచోట, రక్షించుటకు వచ్చే రైలింజను మరొకచోట. ఈ రెంటి నడుమ కథ పరుగులెత్తుతుంది. దూరంగా ఉన్న రెండు చోట్లను ప్రేక్షకుడు మనస్సులో ఒకే పటంగా కూర్చుకొనవలెను.

ఇద్దరు ఎదురెదురుగా మాటలాడే సన్నివేశంలో ఈ నియమం మరింత స్పష్టమైనది. ఇద్దరినీ కలుపుతూ నేలమీద ఒక గీత గీసినట్లు ఊహించవలెను. కెమెరా ఆ గీతకు ఒకవైపుననే ఎక్కడనైనా ఉండవచ్చును, గీత దాటరాదు. దాటనంతవరకు ఒకరు ఎల్లప్పుడు కుడివైపునకు, రెండవవారు ఎల్లప్పుడు ఎడమవైపునకు చూస్తారు. విడివిడిగా చూపినను ఒకరినొకరు చూచుకొంటున్నట్లే ఉంటుంది. గీత దాటితే ఇద్దరును ఒకే వైపునకు చూచినట్లై, వారి ఎదుట మూడవవారెవరో ఉన్నారన్న భ్రమ కలుగును. దీనినే నూట ఎనభై డిగ్రీల నియమమన్నారు. నిజానికి ఇది నాటకశాలలోని కుర్చీని సినిమాలోనికి తెచ్చిన నియమం. రంగస్థలానికి ఒకవైపుననే ప్రేక్షకులు కూర్చుంటారు. అందుచేత నటుని కుడియెడమలు ప్రదర్శనమంతటా మారవు. సినిమా ప్రేక్షకుని దగ్గరకు, దూరానికి ఎన్ని విధాల త్రిప్పినను గోడకు ఆవలివైపునకు మాత్రం పోనీయలేదు.

నియమం కుదిరిన తరువాత మరొక ప్రశ్న వచ్చినది: ఎడమనుండి కుడికి సాగుటకును, కుడినుండి ఎడమకు సాగుటకును సహజంగా ఏమైన భేదమున్నదా? ఈ ప్రశ్న సినిమాకంటె ముందే చిత్రకళలో పుట్టినది. రఫాయేల్ 1515, 1516 సంవత్సరాలలో పోపు పదవ లియో కోరికపై సిస్టైన్ ప్రార్థనామందిరపు తెరచీరలకు నమూనాచిత్రాలు వ్రాసినాడు. బ్రస్సెల్స్ నేతగాండ్రు వస్త్రాన్ని వెనుకవైపునుండి నేసినారు కనుక నేతలో చిత్రం కుడియెడమలు మారినది. నమూనాలలో మిగిలిన ఏడును లండనులోను, నేసిన వస్త్రాలు వాటికనులోను ఉన్నవి. ఒకే చిత్రాన్ని రెండు దిశలలో సరిచూచే అవకాశం ఇట్లు లోకానికి దక్కినది. కళాచరిత్రకారుడు హైన్రిఖ్ వోల్ఫ్లిన్ 1928లో చిత్రంలోని కుడియెడమలను గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాసినాడు. చిత్రాన్ని అద్దంలో త్రిప్పినచో రేఖలు మారవు, రంగులు మారవు, కాని భావం మారుతుందని ఆయన చూపినాడు. ఎడమ దిగువనుండి కుడి పైమూలకు పోయే రేఖ ఎక్కుతున్నట్లును, అదే రేఖ ఎదురుగా ఉన్నచో దిగుతున్నట్లును ఐరోపా ప్రేక్షకునకు తోచును. ఆర్న్‌హైమ్ 1954లో వెలువరించిన కళాదృష్టి గ్రంథం ఈ భావాన్ని మరింత ప్రచారంలోనికి తెచ్చినది. ఛాయాగ్రాహకుల పాఠాలలోను ఇది చేరినది: ఎడమనుండి కుడికి పోయేవాడు సుఖంగా పోతున్నాడు, కుడినుండి ఎడమకు పోయేవాడు ఎదురీదుతున్నాడు.

ఇది మానవనేత్ర ధర్మమా, లేక ఎడమనుండి కుడికి చదివే వారి అలవాటా? ఈ ప్రశ్నకు భారతదేశమే తగిన పరీక్షాస్థలం. హిందీ, ఉర్దూ మాట్లాడేటప్పుడు దాదాపు ఒకే భాష. చదివేటప్పుడు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోతుంది. జ్యోత్స్నా వైద్ తన సహపరిశోధకునితో 1989లో ప్రకటించిన అధ్యయనంలో సగం నవ్వుతూ, సగం మామూలుగా ఉన్న ముఖచిత్రాలను చూపి, ఏది ఎక్కువ సంతోషంగా ఉన్నదని అడిగినారు. హిందీ చదువరులలో ఎడమవైపు నవ్విన ముఖాన్ని ఎన్నుకొనే మొగ్గు గట్టిగా కనిపించినది. కుడినుండి ఎడమకు చదివే వారిలో ఆ మొగ్గు అట్లు నిలువలేదు. ముఖాన్ని చూచే కంటికి మెదడు నిర్మాణం ఒక వాలును ఇస్తుందనుకొన్నను, ఆ వాలును బడిలో దిద్దిన అక్షరాలు పెంచనూ గలవు, తగ్గించనూ గలవు. ఒకే హాలులో, ఒకే హిందీ చిత్రం చూచే ఇద్దరి కళ్లు తెరమీద ఒకే దారిన నడవకపోవచ్చును.

లిపి ఒక్కటే కారణమనుటకును వీలులేదు. జావాలోని బోరోబుదూరు స్తూపం అందుకు సాక్ష్యం. శిల్పాల వరుసల నడుమ భక్తుడు ప్రదక్షిణంగా నడుస్తాడు. స్తూపం అతనికి కుడివైపున, బయటి పిట్టగోడ ఎడమవైపున. కుడిచేతి గోడవైపు ముఖం త్రిప్పి నిలిచినచో అతని నడక తన ఎడమవైపునకు సాగుతుంది. ఎడమచేతి గోడవైపు తిరిగినచో కుడివైపునకు సాగుతుంది. అందుచేతనే అక్కడ లోపలి గోడమీది కథలు కుడినుండి ఎడమకును, పిట్టగోడమీది కథలు ఎడమనుండి కుడికిని నడుస్తవి. ఒకే నడవలో రెండు గోడలు, రెండు దిశలు. శిల్పి అనుసరించినది అక్షరాన్ని కాదు, అడుగును. అమరావతి మహాచైత్యానికి ప్రదక్షిణం చేసినవానికిని చైత్యం కుడిప్రక్కన, శిలాప్రాకారం ఎడమప్రక్కన ఉండేవి. పైగా అక్కడి పతకాలలో కథ వరుసగా నడవక, ఒకే వృత్తంలో పలు ఘట్టాలై ఇముడుతుంది. నలగిరి అనే మదపుటేనుగు కథను చెక్కిన ప్రసిద్ధ పతకంలో ఆ ఏనుగే వీధిలో బీభత్సం చేస్తూ ఒకసారి, బుద్ధుని పాదాలకడ మోకరిల్లి ఒకసారి కనిపిస్తుంది. చూచేవాడు ఒక జంతువును రెండు క్షణాలలో గుర్తించుకొని, నడుమ కాలాన్ని తానే పూరించుకొంటాడు. కూర్పు అనే విద్యలో సగం పని ప్రేక్షకునిదే అని రెండవ శతాబ్దం నాటికే ఆంధ్రశిల్పికి తెలుసు.

జావాలోనే తోలుబొమ్మల ఆట మరొక సంగతి తెలుపుతుంది. అక్కడ సూత్రధారుని కుడివైపున సజ్జనులు, ఎడమవైపున దుర్జనులు నిలుచుట సంప్రదాయం. కాని ప్రేక్షకులు తెరకు ఇరువైపుల కూర్చుంటారు. సూత్రధారుని వెనుక కూర్చున్నవారికి బొమ్మలు కనిపిస్తవి. ఆవలివైపు వారికి నీడలు. ఆ నీడలవైపున మంచిచెడ్డల చోట్లు తారుమారు. అయినను రెండువైపుల వారును ఒకే కథను అనుసరిస్తారు. ఒక వైపున కుదిరిన ఒప్పందం రెండవ వైపున అద్దంలోవలె తిరిగి కుదురుతుంది.

జపానులో యసుజిరో ఓజు ఈ స్వేచ్ఛను సినిమాలోనికే తెచ్చినాడు. ‘టోక్యో స్టోరీ’ (1953) మొదలైన చిత్రాలలో ఆయన కెమెరా నేలకు సమీపాన నిలిచి, మాటలాడే ఇద్దరి నడుమ గీతను నిస్సంకోచంగా దాటుతుంది. వృద్ధతండ్రి ఒకవైపునకు చూచి మాటలాడినాడు. సమాధానం చెప్పే బిడ్డయును అదే వైపునకు చూస్తున్నది. పాఠ్యగ్రంథాల ప్రకారం ఇది తప్పు. కాని ప్రేక్షకుడు ఎవరితో ఎవరు మాటలాడుతున్నారో ఎన్నడును పొరబడడు. తాను నియమాన్ని తెలిసియే దాటుతున్నానని ఓజు స్వయంగా వ్రాసినాడు. మాటల సందర్భం, గది అమరిక, ముఖాల పరిచయం ఉన్నచో గీత లేకయే దిశ తెలియగలదని ఆయన చిత్రాలు నిరూపించినవి.

భారతీయ సినిమాలో సమస్య మరొక రూపం దాల్చినది. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను ప్రదర్శించిన దాదాసాహెబ్ ఫాల్కే చిత్రాలలో నటుడు తరచు నేరుగా ప్రేక్షకునకు ఎదురై నిలుస్తాడు. ఆయన ‘కాళీయ మర్దన్’ (1919) ఆరంభంలో కృష్ణపాత్ర ధరించిన ఆయన కుమార్తె మందాకిని కెమెరాకు అభిముఖంగా ముఖభావాలను ప్రదర్శిస్తుంది. ప్రభాత్ సంస్థవారి ‘సంత్ తుకారాం’ (1936)ను గురించి వ్రాస్తూ విమర్శకురాలు గీతా కపూర్ ఈ ఎదురుచూపును ఒక లోపంగా కాక ఒక సంప్రదాయంగా పరిశీలించినారు. దేవాలయంలో భక్తుడు మూర్తిని ప్రక్కనుండి చూడడు. ఎదుట నిలిచి చూస్తాడు, మూర్తియు తనను చూస్తున్నదని నమ్ముతాడు. అట్టి దర్శనానికి గీత లేదు. చూపు తెరనుండి నేరుగా సభలోనికి వస్తుంది. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) సురభి నాటకాల ఒడిలోనుండి వచ్చినది. సురభి కమలాబాయి అందులో లీలావతి. పరదాల ముందు, సభాభిముఖంగా నిలిచి పాడే ఆ అలవాటు పౌరాణిక చిత్రాలకు చాలకాలం వెన్నంటి వచ్చినది. దేవుడు ప్రత్యక్షమైనప్పుడు తెరమీది భక్తుని కంటె ముందుగా సభలోని ప్రేక్షకుని చూచుట ఆ చిత్రాలలో వింత కాదు. దీనిని ‘నాటకపు వాసన’ అని విమర్శించినవారు పాశ్చాత్యపద్ధతిలోని గీతయు నాటకశాలనుండి వచ్చినదేనన్న సంగతిని మరచినారు. రెండును రంగస్థలపు బిడ్డలే. ఒకటి ప్రేక్షకుని కనిపించనివానిగా చేసినది. రెండవది ప్రేక్షకుని పలకరించినది.

సత్యజిత్ రాయ్ ఈ రెండు దారులను తెలిసినవాడు. శాంతినికేతనంలో ఆయన గురువైన వినోదబిహారి ముఖర్జీ 1946, 1947 సంవత్సరాలలో హిందీభవనపు గోడలమీద మధ్యయుగ భక్తుల జీవితాలను కుడ్యచిత్రంగా వ్రాసినాడు. ఆ చిత్రాన్ని ఒకచోట నిలిచి చూడలేము. గోడ వెంట నడవవలెను. రాయ్ 1972లో తన గురువును గురించి తీసిన ‘ది ఇన్నర్ ఐ’లో కెమెరా ఆ నడకను ప్రేక్షకుని పక్షాన నడుస్తుంది. ఆయన తొలి చిత్రం ‘పథేర్ పాంచాలి’ (1955)లోని రైలు ఘట్టాన్ని ఈ దృష్టితో చూడవలెను. రెల్లుపొదల నడుమ అపు, దుర్గ రైలుకోసం ఎదురుచూస్తారు. రైలు వచ్చేసరికి కెమెరా పిల్లలవైపున నిలిచిపోక పట్టాల ఆవలివైపునకు దాటుతుంది. పిల్లవానికీ, ప్రేక్షకునికీ నడుమ చక్రాలు దొర్లిపోతవి. లూమియేర్ రైలు ప్రేక్షకునివైపు వచ్చినది. రాయ్ రైలు ప్రేక్షకుని, అపును విడదీసి పోయినది. పాఠ్యపుస్తకాల ప్రకారం దాటరాని గీత అది. దానిని దాటుటచేతనే పల్లెబిడ్డకు అందని లోకమొకటి ఆ రైలులో పోతున్నదన్న భావం కలిగినది. నియమం తెలిసిన ప్రేక్షకునకే ఉల్లంఘన అర్థమవుతుంది. ఒప్పందమున్న చోటనే దానిని దాటుటకు బలమున్నది.

ఈ ఒప్పందం తెలియనివారు సినిమాను ఎట్లు చూస్తారు? ఈ ప్రశ్నకు పరిశోధకులు రెండు విధాల సమాధానాలు తెచ్చినారు. కెన్యాలోని పోకోట్ ప్రజలలో తొలిసారి చిత్రం చూచిన పెద్దలమీద జరిపి, 1988లో ప్రకటించిన అధ్యయనంలో, ముక్కలుగా కూర్చిన కథనూ, కూర్పు లేని కథనూ వారు సమానంగానే గ్రహించినట్లు తేలినది. టర్కీ దక్షిణ భాగంలోని కొండపల్లెలలో సినిమాను, టెలివిజన్‌ను ఎరుగని పెద్దలకు షెర్మిన్ ఇల్దిరార్, స్టెఫాన్ ష్వాన్ అనేవారు చిన్నచిన్న చిత్రఖండాలు చూపి, 2010లో ఫలితాలు ప్రకటించినారు. వారికి తెలిసిన పని ఏదైన వరుసగా జరుగుతున్నచో షాటులు మారినను వారు తడబడలేదు. ఒక ఇంటి వెలుపలి బొమ్మ చూపి, వెంటనే గదిలోని స్త్రీని చూపినప్పుడు మాత్రం ఆ గది ఆ ఇంటిలోనిదే అని వారికి తట్టలేదు. ఈ రెండు ఫలితాలకు విరోధం లేదు. కథ దారి చూపినచో తెరమీది దిశ తెలుస్తుంది. కథ లేక బొమ్మలే మిగిలినచో ఒప్పందం నేర్చుకొన్నవానికే దిశ తెలుస్తుంది. అక్షరాస్యతవలెనే ఇదియు ఒక విద్య. దీనిని బోధించే బడి లేదు కనుక నేర్చుకొన్న జ్ఞాపకం ఎవరికీ ఉండదు.

చట్రపు కొలతలు మారినప్పుడెల్ల ఈ విద్య తిరిగి పరీక్షకు నిలిచినది. 1930లో హాలీవుడ్‌లో వెడల్పు తెరలను గురించి చర్చ జరిగినప్పుడు సెర్గీ ఐజెన్‌స్టీన్ చదరపు తెరను సమర్థించినాడు. అడ్డుచట్రం కుడియెడమలను పెంచి పైక్రిందులను అణచివేస్తుందనీ, నిలువునకును సమాన హక్కు కావలెననీ ఆయన వాదం. చరిత్ర ఆయన మాట వినలేదు. 1953లో ‘ది రోబ్’తో సినిమాస్కోపు వచ్చినది, భారతదేశంలో ‘కాగజ్ కే ఫూల్’ (1959), తెలుగులో ‘అల్లూరి సీతారామరాజు’ (1974) ఆ చట్రాన్ని ప్రవేశపెట్టినవి. తెర ఇంచుమించు ఎత్తుకు రెండింతలకు మించిన వెడల్పు పొందినది. కుడియెడమల నడుమ దూరం పెరిగినకొలది దిశకు ప్రాధాన్యం పెరిగినది. నేడు చేతి ఫోనును నిలువుగా పట్టి చూచే బొమ్మలలో ఐజెన్‌స్టీన్ కోరిన నిలువు తిరిగి వచ్చినది. అక్కడ ప్రక్కకు పోవుటకు చోటు లేదు. ముఖం ప్రేక్షకునకు ఎదురై నిలుస్తుంది. ఫాల్కేనాటి ఎదురుచూపు మరొక దారిన వచ్చి చేతిలో కూర్చున్నది.

ఇంతవరకు చెప్పిన సిద్ధాంతాలన్నిటిలోను ఒక ఊహ దాగియున్నది: ప్రేక్షకుడు తెరకు ముందువైపున కూర్చున్నాడని. అశుతోష్ గోవారికర్ తీసిన హిందీ చిత్రం ‘స్వదేస్’ (2004) ఆ ఊహనే ప్రశ్నించినది. ఒక పల్లెలో రాత్రివేళ ఆరుబయట ‘యాదోం కీ బారాత్’ (1973)ను ప్రదర్శిస్తున్నారు. పెద్దకులాలవారు తెరకు ముందు కూర్చున్నారు. తక్కువవారని నెట్టబడిన జనులు తెరకు వెనుక కూర్చుని అదే చిత్రాన్ని కుడియెడమలు మారిన రూపంలో చూస్తున్నారు. కథ వారికిని అందుతున్నది, పాట అందుతున్నది, గీత నియమం సయితం చెడలేదు, అద్దంలో గీత గీతగానే ఉంటుంది. అక్షరాలు మాత్రం తిరుగబడినవి. జ్యామితి దృష్టితో చూస్తే వారికి పోయినది దాదాపు ఏమీ లేదు. మానవదృష్టితో చూస్తే పోయినది అంతా ఇంతా కాదు. కరెంటు పోయి ప్రదర్శన ఆగినప్పుడు కథానాయకుడు ఆ తెరను లాగివేసి, ఇరువైపుల వారికీ ఒకే ఆకాశాన్ని చూపుతాడు.

దిశాజ్ఞానాన్ని గురించి శాస్త్రం చెప్పగలిగినదానికి ఇది ఆవలి గట్టు. పైక్రిందులు భూమి ఇచ్చినవి. కుడియెడమలలో కొంత మెదడు, కొంత లిపి, కొంత నడక, కొంత నాటకశాల. ఈ పాళ్లను పరిశోధకులు ఇంకను తూచుచునేయున్నారు. కాని ఎవరికి ఏ వైపున చోటు దొరుకుతుందో కన్ను నిర్ణయించదు, సమాజం నిర్ణయిస్తుంది. ప్రేక్షకుడు కూర్చున్న వైపే తూర్పు అన్న భరతుని లెక్క నిలువవలెనన్నచో, తెర వెనుక కూర్చున్నవాడును ప్రేక్షకుడే అని ముందు ఒప్పుకొనవలెను. సినిమాకు ఇంకను కుదరవలసిన ఒప్పందం అది.